నాలుగొందల దోసిళ్లు

నాలుగు గుండుసూదులు పెదాల మధ్య బిగించి, ఐదోదాన్ని పావడా అంచులో గుచ్చబోతుండగా ఎమ్మాకు తుమ్ము ముంచుకొచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి ఎలాగో ఆపుకుంది. ముప్పై ఒక్కేళ్లుగా ఈ బడిలో పిల్లల వేషాలు కుడుతోంది. నోట్లో సూదులుండగా తుమ్మకూడదన్న సంగతి ఆమె ముక్కుకు కూడా తెలిసిపోయింది. సూదులన్నీ గుచ్చడం అయ్యాక తీరిగ్గా తుమ్ముదామనుకుంటే ఇక రాలేదు.

ఆమె గది మెట్ల కింద ఉంది. కిటికీ లేదు. గంట కొట్టినప్పుడల్లా బడి పిల్లలందరూ ఆమె నెత్తిమీదుగా దిగుతారు, మళ్లీ ఎక్కుతారు. పైకప్పు నుంచి సున్నం రాలుతుంది. అందుకని ఇస్త్రీ చేసిన బట్టల మీద ఎప్పుడూ ఓ దుప్పటి కప్పి ఉంచుతుంది. కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, బల్ల మీద పరిచిన పాత సైనిక కంబళి, గోడ పొడుగునా చెక్క అరలు. అరల నిండా సంచులు. ఒక్కో సంచి మీద సుద్దముక్కతో ఒక్కో జాతి పేరు రాసి ఉంటుంది: ఉయ్‌ఘుర్లు, దుంగన్లు, జర్మన్లు, తాతార్లు, కొరియావాళ్లు. ‘కజకిస్తాన్‌లో ఉన్న జాతులన్నీ నా మెట్ల కిందే కాపురం ఉంటున్నాయి’ అని కొత్తగా చేరిన టీచర్లతో వేళాకోళమాడేది. సంచుల్లోంచి వచ్చే కలరా ఉండల వాసన అందరికీ ఒకటే.

మే ఒకటిన జాతులన్నిటి ఐక్యతా పండగ. బడిలో ముందురోజే జరిపేస్తారు. మార్చి నెలాఖరుకి హెడ్మాస్టరమ్మ కుల్యాష్ తన నక్కతోలు టోపీలో చీటీలు వేస్తుంది. ఏ తరగతికి ఏ చీటీ తగిలితే ఆ తరగతి ఆ ఏటికి ఆ జాతి అయిపోతుంది. ఒక ఆట, ఒక పాట, ఒక వంటకం, చివర్లో ఓ హాస్యనాటిక. ఆటా పాటా ఎవరూ పట్టించుకోరు గానీ నాటిక కోసం మాత్రం ఊరంతా వస్తుంది. ఈసారి పదో తరగతి ‘బి’ సెక్షనుకి కొరియావాళ్లు తగిలారు. ఉత్సవం ఇవాళే, మూడింటికి.

తలుపు తోసుకుని దౌరెన్ వచ్చాడు. చరిత్ర చెబుతాడు, ఉత్సవాలు నడిపిస్తాడు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ తొందరలో ఉంటాడు. మంచివాడు, అందులో అబద్ధం లేదు. కిందటి శీతాకాలం ఆమె ఇస్త్రీపెట్టె తీగ కాలిపోతే ఎవరూ అడక్కుండానే కొత్తది తెచ్చి బిగించాడు. ఇవాళ కూడా కాగితంలో పొట్లం కట్టి నాలుగు బౌర్సాకులు తెచ్చాడు, నూనెలో వేయించిన పిండి ఉండలు, ఇంకా వేడిగా ఉన్నాయి.

“అపా! ఇంకా సూదులు నవులుతూనే ఉన్నారా? ఇవి తినండి, ఇవైతే అరుగుతాయి.” పెద్ద వయసు ఆడవాళ్లనూ టీచరమ్మలనూ ఆ ఊళ్లో అపా అనే పిలుస్తారు.

“అక్కడ పెట్టు నాయనా. చేతులు ఖాళీ లేవు.”

“మీతో ఓ చిన్న పని పడింది.” చెక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “ఈ ఏడు కొత్త ఏర్పాటు చేశాం. ప్రతి నాటిక అయ్యాక ఆ జాతి పెద్దవాళ్లెవరైనా వేదికెక్కి బతా ఇవ్వాలి. జర్మన్లకి ఫిజిక్సు మాస్టారి అత్తగారు వస్తున్నారు. ఉయ్‌ఘుర్లకి రొట్టెల కొట్టాయన ఒప్పుకున్నాడు. కొరియావాళ్లకి మీరు.”

బతా అంటే పెద్దల దీవెన. పెద్దవాళ్లు దోసిలి పడితే ఎదురుగా ఉన్నవాళ్లంతా దోసిళ్లు పట్టాలి. దీవెన ముగిశాక ‘ఔమిన్’ అని అందరూ ముఖాలు తుడుచుకోవాలి. పిల్ల పుట్టినా, ఎవరైనా రైలెక్కినా, గొర్రెను కోసినా అది లేనిదే పని పూర్తయినట్టు కాదు ఆ ఊళ్లో. కొరియా ఇంట పుట్టిన ఎమ్మా కూడా పెళ్లిళ్లలో, పురుళ్లలో ఎన్నిసార్లు దోసిలి పట్టిందో లెక్కలేదు. అరవయ్యారేళ్లు వచ్చాయి కాబట్టి ఈమధ్య తననే ఇమ్మంటున్నారు కూడా.

“నాటిక చూడకుండా ఎట్లా దీవించనయ్యా?”

“అయ్యో, కుక్కను కుట్టింది మీరే కదా! ఇంక చూడ్డానికేముంది?” నవ్వాడు దౌరెన్. ఎమ్మా కూడా నవ్వింది. నవ్వితే పైవరసలో బంగారు పన్ను కనబడుతుంది. ఎవరైనా ఆమె వైపు చూసి నవ్వితే తిరిగి నవ్వడం ఆమెకు ఊపిరి తీసినంత అలవాటు.

“వేరే ఎవరినైనా చూడు. నాకు మోకాళ్లు బాగా లేవు.”

“మరి ఇంకెవరున్నారపా ఈ బళ్లో? మీరూ మీ మనవరాలు ఎల్యా, అంతేగా. ఎల్యా నాటికలో ఉందాయె. రెండే ముక్కలు. నూరేళ్లు బతకండి, చల్లగా ఉండండి, ఔమిన్. దిగిపోండి.”

ఆమె ఔనన్నదీ లేదు, కాదన్నదీ లేదు. ఔననుకుని అతను వెళ్లిపోయాడు.

కుక్క సంగతి నిజమే. మూడు సాయంత్రాలు కూర్చుని పాత కోటు కాలరుతో కుట్టింది. బొత్తాలతో కళ్లు, ఒక చెవి పైకి, ఒక చెవి కిందకి. లోపల దూది సమంగా పడేలా కూరింది. కొరియావాళ్ల నాటికలో కుక్క ఎందుకుంటుందో, చివరికి ఏ గంగాళంలో ఉడుకుతుందో ఈ ఊళ్లో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. అది తెలిసే కుట్టింది. కుట్టమంటే కుట్టడం తన పని. ఇలా అనుకునే ఈ సంచులన్నీ నింపింది.

ఆరేళ్ల కిందట తొమ్మిదో తరగతికి జిప్సీల చీటీ వచ్చింది. పావడాలకు రంగురంగుల మాసికలు వేసింది తనే, బొమ్మ పసిపిల్లలకు గుడ్డలు చుట్టింది తనే. ‘ధర్మం చెయ్యండి తల్లీ’ అంటూ పిల్లలు ప్రేక్షకుల మధ్య తిరిగి టోపీలూ గడియారాలూ కొట్టేస్తుంటే హాలంతా పొట్టలు పట్టుకుంది. ఎమ్మా కూడా నవ్వింది, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ ఏడు ఆరో తరగతిలో ఒక జిప్సీ పిల్ల ఉండేది. పేరు మునీరా. చలికాలమంతా రబ్బరు చెప్పులతో వచ్చేది. పండగ మర్నాటి నుంచి రాలేదు. ఏమైందని ఎవరూ అడగలేదు. ఎమ్మా కూడా అడగలేదు. ఆ సంచి మాత్రం అప్పటినుంచి ఆమె మళ్లీ విప్పలేదు.

పన్నెండింటికి మనవరాలు వచ్చింది. ఎల్వీరా అసలు పేరు, ఎల్యా అంటారు. పదహారేళ్లది. తల్లి రైలుపెట్టెల్లో ప్రయాణికుల బాగోగులు చూసే ఉద్యోగి; నెలలో ఇరవై రోజులు పట్టాల మీదే ఉంటుంది. పిల్ల పెరిగిందంతా అమ్మమ్మ దగ్గరే. నాలుకకు పదునెక్కువ. తరగతిలో అందరికంటే ముందు ఏ మాటకైనా ఎదురు మాట వేసేది అదే. అందుకే అందరికీ ఇష్టం.

“అమ్యా, దిండు కట్టు. గూని రావాలి.”

ఇంట్లో అమ్మమ్మను అలాగే పిలుస్తారు, అమ్యా అని. ఎమ్మా చిన్న దిండు తీసుకుని, పిల్ల వీపు మీద పెట్టి, నాడాలు రెండు చంకల కిందుగా తెచ్చి గుండెల మీద ముడి వేసింది. పైన పాత ఊదారంగు జాకెట్టు తొడిగింది. జుట్టు మీద పిండి చల్లింది. చల్లుతుంటే పిల్ల తుమ్మింది.

“ఆ మాటలన్నీ ఎవరు రాశారే?”

“సగం నేనే రాశాను.”

“కుక్క మాటలో?”

“అవీ నేనే.” అద్దంలో చూసుకుంటూ కనుబొమలకు కూడా పిండి అద్దుకుంది. “నేను రాయకపోతే వాళ్లు రాస్తారు కదమ్యా. వాళ్లు రాస్తే ఇంకా చెత్తగా ఉంటుంది. నేను రాస్తే కనీసం నవ్వొస్తుంది. మిగతావాళ్లు కళ్లు చెవుల దాకా లాగి టేపు వేసుకుంటున్నారు. నాకు ఆ బాధ కూడా లేదు.” పకపకా నవ్వింది.

“నవ్వుతారు లే,” అంది ఎమ్మా.

“బతా నువ్వే ఇస్తున్నావటగా! బాగా ఇవ్వు. నాటికల పోటీలో గెలిస్తే తొమ్మిదో తారీకున జిల్లాకి పోతాం. అందరూ నా మొహమే చూస్తారు, నువ్వు ముభావంగా నిలబడకు.”

గబగబా మెట్లెక్కి పోయింది. పిల్ల పోయాక ఎమ్మా ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. పావడా మీద ఆనించలేదు, కింద పెట్టలేదు.

తనకు పదకొండేళ్లు అప్పుడు. సోవియట్ రోజులు. ఫిబ్రవరిలో సైనికుల పండగకి బళ్లో ప్రతి ఏడూ ఒకటే నాటకం: సరిహద్దు జవాన్లు రెల్లుపొదల్లో జపాను గూఢచారిని పట్టుకుంటారు. ఆ బళ్లో కొరియా మొహం తనదొక్కటే, గూఢచారి వేషం తనదే. వేరే ఎవరికివ్వాలన్న ప్రశ్నే రాలేదు. టీచరు కాల్చిన బిరడాతో మీసం గీసింది. మొదటి ఏడు తను తల వంచుకుని చేతులెత్తేసింది, అంతే. రెండో ఏడు తనంతట తనే కొంత చేర్చింది. మోకాళ్లు వంచి, అడుగులు చిన్నగా వేసి, పాదాలు ఈడ్చుకుంటూ నడిచింది. మాట మాటకీ వంగి దండాలు పెట్టింది. హాలు దద్దరిల్లిపోయింది. మర్నాడు ఎన్నడూ పలకరించని పిల్లలు కూడా పలకరించారు. ఇంతేనా కిటుకు అనుకుంది. ముందు మనమే నవ్వేస్తే సరి.

మూడో వరసలో నాన్న ఉన్నాడు, తిమొఫెయ్. పధ్నాలుగేళ్ల వయసులో, పంతొమ్మిదివందల ముప్పై ఏడులో, జపాను గూఢచారుల జాతి అని ముద్ర వేసి పశువుల రైలుపెట్టెల్లో తూర్పు సముద్రపు ఒడ్డు నుంచి ఈ ఎడారిలోకి తోలుకొచ్చినవాళ్లలో ఆయనొకడు. ఆయన అన్నను అంతకు నెల ముందే అదే పేరు పెట్టి పట్టుకుపోయారు. తిరిగి రాలేదు. ఆ నాన్న కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. మంచులో ఇద్దరూ ఇంటికి నడిచి వచ్చారు. గుమ్మం దగ్గర ఆగి, బూట్లకున్న మంచు దులుపుకుంటూ, “ఆ నడక మీ నాయనమ్మది కదూ?” అన్నాడు. అంతే. లోపల నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని సోయా పులుసు కాస్తోంది. వాళ్లను చూసి, మోకాళ్లు వంచి, పాదాలు ఈడ్చుకుంటూ గిన్నెలు తేవడానికి లేచింది.

ఆ మాట ఎమ్మా ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా చెప్పలేదు. ఉల్లిపాయల సాగులో నడుం విరగ్గొట్టుకుని ఆయనా పోయాడు పదిహేనేళ్ల కిందట. ఇప్పుడు చెబితే ఎల్యా ఏమంటుంది? ‘పాత కాలం సంగతులు అమ్యా’ అంటుంది. అనదూ మరి?

ఎటు చూసినా ఆ పిల్లకే దెబ్బ. తను దీవిస్తే అది పిల్లకు కూడా దీవెనే: ఇది బాగుంది తల్లీ, ఇలాగే బతుకు, ఎవరూ నవ్వక ముందే నువ్వే నీ మీద నవ్వుకుంటూ బతుకు అని. దీవించకపోతే నలుగురిలో దాని తల తీసేసినట్టవుతుంది. పదహారేళ్ల పిల్ల తట్టుకుంటుందా? దేవుడా, ఈ మోకాళ్ల వంకే నిలబడి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది ఎమ్మా. ఇస్త్రీపెట్టె మళ్లీ పావడా మీద ఆనించింది. వచ్చిన పని ఆగదు కదా.

మూడింటికి హాలు కిక్కిరిసింది. ముందు వరసలో కుల్యాష్, పక్కన పట్టణం పెద్దలు, వెనక తల్లిదండ్రులు, గోడల వెంట నిలబడ్డ పిల్లలు. ఎమ్మా నీలం కోటు వేసుకుని తెర పక్కన నిలబడింది. పొట్టి మనిషి. కుట్టుమిషను మీద వంగి వంగి కుడి భుజం ఎడమ దానికన్నా నాలుగు వేళ్లు కిందకి దిగిపోయింది. నల్లరంగు వేసిన జుట్టు పాపిట దగ్గర తెల్లగా బయటపడుతోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో పెట్టుకుంది, మళ్లీ తీసింది.

నాటిక మొదలైంది. కొరియా పెళ్లి. టేపుతో కళ్లు లాగి అతికించుకున్న పెళ్లికొడుకు, వాడి తమ్ముళ్లు ముగ్గురు, ముగ్గురికీ ఒకటే మొహం. పెళ్లికూతురు ఎవరిని చేసుకోవాలో తేల్చుకోలేక ప్రతివాడి మెడలోనూ దండ వేస్తుంది. జనం ఘొల్లుమన్నారు. పెద్ద గంగాళం నిండా కారం క్యారెట్ తురుము తెచ్చారు. దాన్ని తిన్నవాడల్లా పొగలు కక్కుతూ పరుగెత్తాడు. ఇంతలో ‘అమ్మమ్మ వస్తోంది, అమ్మమ్మ వస్తోంది’ అని అరుస్తూ అందరూ పక్కకు తప్పుకున్నారు.

ఎల్యా వచ్చింది. చేతిలో గరిటె. కుడి భుజం కిందకి జారి ఉంది. ఎడమ పాదం ముందుకు వేసి, కుడి పాదం ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, నేల మీద రాసుకుంటూ వస్తుంది. దారిలో పెదాల మధ్య నుంచి ఏదో తీసి జాకెట్టులో గుచ్చుకుంది. కనబడని గుండుసూది.

“ఓరి, ఎమ్మా అపా!” అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు.

హాలు ఒక్కసారిగా విరగబడి నవ్వింది. అభిమానంతోనే నవ్వారు. ముప్పై ఒక్కేళ్లుగా ఆ ఊరి పిల్లలందరి నడుములూ కొలిచిన మనిషి ఆమె. కుల్యాష్ రుమాలుతో కళ్లొత్తుకుంటోంది. తెర పక్కన ఎమ్మా పెదాలు వాటంతటవే విచ్చుకున్నాయి, బంగారు పన్ను బయటపడింది. తను నవ్వుతోందని ఆమెకు కాసేపటికి గానీ తెలియలేదు. తెలిశాక నోరు మూసుకుంది.

“షారిక్, షారిక్,” ఎల్యా గరిటె ఊపుతూ కాలరు కుక్కను పిలుస్తోంది. “రా నాన్నా, రా. ఆకలేస్తోందా? నాకూ వేస్తోంది.”

ఆ పైన ఏమన్నదో నవ్వుల్లో వినబడలేదు. కుక్క గంగాళంలోకి వెళ్లింది. అందరూ వంగి దండాలు పెట్టారు. చప్పట్లు ఆగలేదు.

దౌరెన్ మైకు అందుకున్నాడు. “ఇప్పుడు మన అసలు సిసలు అమ్మమ్మ, మన ఎమ్మా అపా! రండపా, పిల్లలకి బతా ఇవ్వండి!”

వేదికకు నాలుగు మెట్లు. ఎడమ పాదం వేసింది. కుడి పాదం ఆగి, రాసుకుంటూ వచ్చింది. హాలు మళ్లీ నవ్వింది, మొదటిసారి కన్నా ఎక్కువగా. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఎమ్మా ఏం చేస్తుంది పాపం? ఆమెకు ఇంకో నడక లేదు. ఉన్నది అదొక్కటే, దాంతోనే పైకెక్కింది.

ఎల్యా పక్కన నిలబడింది. పిల్ల ఇంకా గూనితోనే ఉంది, జుట్టు నిండా పిండి, రొప్పుతోంది, చెంపలు సంతోషంతో మండుతున్నాయి. ఎమ్మా దోసిలి పట్టింది.

హాలు సద్దుమణిగింది. కుర్చీలు కిర్రుమన్నాయి. ఫోన్లు ఒళ్లోకి దిగాయి. ముందు వరసలో కుల్యాష్, వెనక తండ్రులు, గోడల వెంట పిల్లలు, టేపు ఇంకా ఊడదీయని పెళ్లికొడుకులు, అందరూ దోసిళ్లు పట్టారు. నాలుగొందల దోసిళ్లు ఆమె వైపు తెరుచుకున్నాయి. మాటలు ఆమెకు తెలియక కాదు. నూరేళ్లు బతకండి. మీ ఇంట పాలు పొంగాలి. మీ దారి తెల్లగా ఉండాలి. నాలుక చివరనే ఉన్నాయి. మొదటి మాట కోసం నోరు తెరిచింది. పక్కనున్న పిల్ల కుడి భుజం కనిపించింది, నాలుగు వేళ్లు కిందకి జారి. నాటిక అయిపోయినా అది ఇంకా పైకి లేవలేదు.

మాట రాలేదు.

దోసిళ్లు అలాగే ఉన్నాయి. ఔమిన్ అననిదే దించకూడదు. పట్టిన దోసిలి ఉత్తినే దించుకోవడం చెడ్డ శకునం. ఒక పసివాడు చేతులు దించబోతే తల్లి మళ్లీ పట్టించింది. కుల్యాష్ చంకలో ఇరికించుకున్న ఫోను జారుతోంది, అందుకోలేదు. దౌరెన్ చిరునవ్వు చెరగనివ్వకుండా, “రెండు ముక్కలు చాలపా,” అని గొణిగాడు.

“అమ్యా,” అంది ఎల్యా, పెదాలు కదలకుండా. “అమ్యా, ఏంటిది?”

చేతులు బోర్లిస్తే అది శాపం అవుతుంది. ఆ భయం ఎమ్మాకు ఉంది. ఎదురుగా ఉన్నది పిల్లలు, వాళ్లను శపించగలదా? అరచేతులు పైకే ఉంచి, నిండు పళ్లెం దించినట్టు మెల్లగా దించింది. పిల్ల వైపు తిరిగింది. ఊదారంగు జాకెట్టు బొత్తాలు విప్పింది. గుండెల మీద మధ్యాహ్నం తను వేసిన ముడి గోటితో లాగి విప్పింది. దిండు జారి చేతిలోకొచ్చింది.

“నిటారుగా నిలబడు,” అంది. మైకు దగ్గర్లోనే ఉండటంతో ఆ మాట హాలంతా వినబడింది.

దిండు చంకలో పెట్టుకుని నాలుగు మెట్లూ దిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె తలుపు దాకా వెళ్లేసరికి కూడా చాలా చేతులు గాల్లోనే ఉన్నాయి. ఎవరో ముసలాయన గొంతు సవరించుకుని “ఔమిన్” అన్నాడు, సందేహంగా. కొందరు ముఖాలు తుడుచుకున్నారు. కొందరు చేతులు మెల్లగా ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత జర్మన్ల బాజా మొదలైంది.

ఎమ్మా గదిలోకి వచ్చి పని చేసుకుంది. ఉత్సవం నుంచి తిరిగొచ్చిన బట్టల చంకలు తడిపి, ఆరవేసి, ఇస్త్రీ చేసి, ఎవరి సంచిలో వాళ్లను పెట్టింది. మనసులో మాత్రం పిల్ల మొహం మెదులుతూనే ఉంది. దాని సంతోషం తన చేత్తోనే ఆర్పేసింది. ఏ అమ్మమ్మ చేస్తుందీ పని?

తలుపు దభాలున తెరుచుకుంది. ఎల్యా. మొహం కడుక్కుంది గానీ చెవుల వెనక పిండి ఉండిపోయింది.

“తృప్తిగా ఉందా? అందరి ముందూ పరువు తీశావు! కుల్యాష్ అపా ఒక్క మాట మాట్లాడలేదు నాతో. వాళ్లందరూ నన్ను ఎట్లా చూశారో తెలుసా?”

“తెలుసు.”

“ఏం తెలుసు నీకు? ఓ నవ్వు నవ్వితే పోయేదానికి!”

ఎమ్మా ఇస్త్రీపెట్టె నిలువుగా నిలబెట్టింది. స్టూలు మీద కూర్చుంది.

“నేనూ అట్లాగే అనుకున్నానే. నవ్వేస్తే పోతుంది అనుకున్నా. యాభై అయిదేళ్లు నవ్వాను. పోలేదు.”

నాన్న సంగతి, మంచు, నాయనమ్మ గిన్నెలు, అవన్నీ గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చున్నాయి. చెప్పడం ఎట్లా మొదలుపెట్టాలో ఎమ్మాకు తెలియదు. ఎప్పుడూ చెప్పి ఉంటే కదా.

“నా నడక బాగా పట్టావు,” అంది చివరికి. “కుడి పాదం మరీ అంత ఈడుస్తానా?”

ఎల్యా మొహం ఎర్రబడింది. ఏడుపో కోపమో తెలియలేదు. “నేను నిన్ను వెక్కిరించలేదు,” అంది. “నువ్వంటే నాకు...” అని, మాట మింగేసి బయటికి వెళ్లిపోయింది. తలుపు వెయ్యలేదు.

నడవలో దౌరెన్ గొంతు వినిపించింది. “ఏడవకు తల్లీ. పెద్దవాళ్లు, వయసు, ఏదో అయ్యుంటుంది. మనమే గెలిచాం తెలుసా? తొమ్మిదిన జిల్లాలో ఇంకెవరినైనా పెద్దవాళ్లని చూసి బతా ఇప్పిద్దాం. నువ్వైతే అదరగొట్టేశావు. ఆ ముసలమ్మను నీ అంత బాగా ఎవరు చేస్తారు? నీకు టేపు కూడా అక్కర్లేదాయె!”

పైన మెట్ల మీద ఎవరో పరుగెత్తారు. సున్నం రాలింది.

“నాకొద్దు,” అంది ఎల్యా.

“ఏం వద్దు?”

“ఆ వేషం. అంత సరదాగా ఉంటే మీరే వేసుకోండి మాస్టారూ. టేపు నేనిస్తాను.”

అడుగుల చప్పుడు గబగబా దూరమైంది. దౌరెన్ “దీనికేమొచ్చింది?” అని తనలో తను అనుకుంటూ, తెరిచి ఉన్న తలుపులోంచి ఎమ్మాను చూశాడు. ఎప్పటిలా నవ్వాడు. ఆమె తిరిగి నవ్వలేదు. నవ్వలేదని ఇద్దరూ గమనించారు. అతను పక్కకు చూసి వెళ్లిపోయాడు.

ఆమె ఇస్త్రీపెట్టె తీగ లాగేసింది. కొరియావాళ్ల సంచి మూతి కట్టి అరలో పెట్టింది. చల్లారిన బౌర్సాకులు కాగితంతో సహా జేబులో వేసుకుంది, పిల్లకి ఇష్టం. దీపం ఆర్పి, బడి వెనక తలుపులోంచి బయటికి వచ్చింది. చిన్నగా తుంపర పడుతోంది. సందు మలుపులో గోడకి ఆనుకుని ఎల్యా నిలబడి ఉంది. అమ్మమ్మ వచ్చేదాకా ఆగి పక్కన నడిచింది, ఆమె నడకకు తగ్గట్టు అడుగు తగ్గించుకుని. ఇంటి గుమ్మంలో కాళ్లు తుడుచుకోబోతే గానీ ఎమ్మా చూసుకోలేదు: గదిలో వేసుకునే గుడ్డ చెప్పులతోనే ఊరంతా నడిచి వచ్చేసింది. రెండూ తడిసి ముద్దయ్యాయి.

మే పండగల తర్వాత ఎమ్మా బడికి రాలేదు. ఎల్యా చేతికి నాలుగు గీతల కాగితం ఇచ్చి పంపింది: వయసైంది, కళ్లు సరిగా కనబడటం లేదు, సెలవు ఇప్పించగలరు. కుల్యాష్ రెండుసార్లు చదివి, ఒక్కసారి వచ్చి మాట్లాడి వెళ్లమని చెప్పు అంది. రాదు అంది ఎల్యా. పిల్ల గదికి వెళ్లి కత్తెర, కళ్లజోడు తెచ్చుకుంది. బల్ల కిందకి వంగి చూడలేదు.

అక్కడ, కుట్టుమిషను తొక్కుడు చెక్క వెనక, ఆమె బయటి బూట్లు జతగా ఉన్నాయి. ఉత్సవం రోజు ఉదయపు వానకి తడిసినందుకు లోపల కుక్కిన పేపరు ఆరిపోయి గట్టిపడింది, కుడి బూటు మడమ ఒక పక్కకే అరిగిపోయి ఉంది.